సిమెంటు బస్తాకి లేని సరిహద్దు

జర్మనీలో తయారైన సిమెంటు బస్తా మీద 'సీఈ' గుర్తు ఉంటే దాన్ని పోర్చుగల్‌లో ఏ ఊళ్లోనైనా అమ్ముకోవచ్చు. ఆ సిమెంటుతో పోసే స్లాబుకి లెక్క కట్టే పద్ధతి కూడా యూరప్‌లో దాదాపు ఒకటే. యూరోకోడ్‌లని ఉన్నాయి, మొత్తం 10, వాటిలో 58 భాగాలు. మనం పరీక్ష ముందు రోజు రాత్రి తిరగేసే ఐఎస్ 456 లాంటివే, కాకపోతే ఒక దేశానికి కాదు, చాలా దేశాలకి కలిపి రాసుకున్నవి. ఏ దేశానికాదేశం తన గాలి, మంచు, భూకంపం అంకెలు పెట్టుకోడానికి ఒక అనుబంధం ఉంటుంది, అంతే. బస్తా ఒకటే, ఫార్ములా ఒకటే. మరి ఆ ఫార్ములా వాడి డ్రాయింగ్ గీసిన ఇంజనీరు సంగతి? ఆమె లిస్బన్‌లో పదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న మనిషే కావచ్చు. మ్యూనిక్‌లో ఒక ఇంటి ప్లాను మీద సంతకం పెట్టి అనుమతికి దాఖలు చెయ్యాలంటే మాత్రం బవేరియా చట్టం ఏమంటుందో, అక్కడి ఇంజనీర్ల చాంబర్ ఏమంటుందో కనుక్కోవాలి. బవేరియా అనే మాట ఎందుకన్నానంటే, అక్కడ భవన నిర్మాణ చట్టాలు రాష్ట్రాల చేతుల్లో ఉంటాయి. జర్మనీలో రాష్ట్రాలు 16.

సాహితీ క్లబ్బు పత్రికలో ఈ గోలేంటి, వాన మీద ఒక కవిత రాసుకోక అంటారా? వాన మీద రాసేవాళ్లు మన క్లబ్బులో చాలామందే ఉన్నారు. నేను సివిల్ వాణ్ణి, నాకు వానంటే డ్రైనేజీ గుర్తొస్తుంది. పైగా ఇది మనకి సంబంధం లేని విషయమూ కాదు. 2023-24 శీతాకాలం సెమిస్టర్‌లో జర్మనీ యూనివర్సిటీల్లో మన దేశం నుంచి వెళ్లినవాళ్లు 49 వేల పైచిలుకు. అక్కడి విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే అతి పెద్ద గుంపు. అందులో మన తెలుగు సీనియర్ అన్నలు, అక్కలు ఎంతమందో మీ వాట్సాప్ గ్రూపులు చూసుకుంటే మీకే తెలుస్తుంది. వెళ్లనివాళ్లలో కొందరు హైదరాబాద్‌లో కూర్చుని యూరప్ బ్యాంకులకీ ఇన్సూరెన్స్ కంపెనీలకీ కోడ్ రాస్తున్నారు. ఈ రెండు పనులకీ వాణిజ్య పరిభాషలో ఒకటే పేరుంది: సేవల వాణిజ్యం.

యూరప్ పోటీలో ఎందుకు వెనకబడుతోంది అని ఎవర్నడిగినా చైనా కార్లు, అమెరికా చిప్పులు, రష్యా గ్యాసు అంటారు. అవన్నీ నిజమే. కానీ నా మట్టుకు నాకు పెద్ద జబ్బు ఇంట్లోనే కనిపిస్తుంది. యూరోపియన్ యూనియన్ ఆర్థిక వ్యవస్థలో దాదాపు 70 శాతం సేవలే. ఆ 70 శాతానికి ఉమ్మడి మార్కెట్ అరకొరగానే ఉంది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒకప్పుడు ఆ తలుపు మూసుంచడానికి న్యాయమైన కారణం ఉండేది. ఇప్పుడు ఆ కారణం చాలావరకు తీరిపోయింది. అయినా తలుపు మూసే ఉంది. ఇప్పుడది ఎవరి కోసం మూసుందో చూడాలి.

ముందు సరుకుల కథ. 1979లో యూరప్ కోర్టు ఒక తీర్పిచ్చింది, లా చదివేవాళ్లకి 'కాసీ ద డిజోన్' కేసంటే తెలుస్తుంది. ఫ్రాన్స్ నుంచి ఒక నల్లద్రాక్ష లాంటి పండుతో చేసిన తియ్యటి మద్యాన్ని జర్మనీకి తెచ్చి అమ్ముదామనుకున్నారు. అందులో ఆల్కహాలు 15 నుంచి 20 శాతం. జర్మనీ చట్టం ప్రకారం అలాంటి మద్యంలో కనీసం 25 శాతం ఉండాలి. కుదరదన్నారు. జర్మనీ ప్రభుత్వం కోర్టులో చేసిన వాదన చదివి నేను కాసేపు నవ్వుకున్నాను: తక్కువ మత్తున్న మద్యం బజార్లోకొస్తే జనం మెల్లమెల్లగా దానికి అలవాటు పడతారట! కోర్టు ఒప్పుకోలేదు. ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడుపోతున్న సరుకుని గట్టి కారణం లేకుండా ఇంకో సభ్యదేశం ఆపడానికి వీల్లేదంది. నీ రూలు నీదే, నా రూలు నాదే, కానీ నీ రూలు మీద నాకు నమ్మకముంది అని ఒప్పుకోవడమన్నమాట. యూరప్ ఉమ్మడి మార్కెట్ నిలబడింది ఆ నమ్మకం మీదే. 1993 జనవరి నాటికి సరుకులకి సరిహద్దుల్లో తనిఖీలు పోయాయి.

సేవల దగ్గరకొచ్చేసరికి ఇదే సూత్రం బెడిసికొట్టింది. ఎందుకో ఆలోచిస్తే అంత కష్టమైన విషయమేం కాదు. సీసాని పరీక్షించొచ్చు. నచ్చకపోతే లేబుల్ చదివి కొనడం మానెయ్యొచ్చు. సేవని పరీక్షించడం అలా కుదరదు, ఎందుకంటే చాలా సేవలు పుట్టేదీ వాడేదీ ఒకేసారి. ఆపరేషన్ అయిపోయాకే డాక్టర్ ఎలాంటివాడో తెలుస్తుంది, వంతెన కూలాకే ఇంజనీరు. అందుకే ప్రతి దేశమూ సేవని వదిలేసి మనిషిని తనిఖీ చేస్తుంది: ఏం చదివావు, ఎక్కడ నమోదయ్యావు, ఇన్సూరెన్స్ ఉందా అని. ఇంకో చిక్కు ఉంది. సీసాకి జీతం ఉండదు. మనిషికి ఉంటుంది.

2004 జనవరిలో యూరోపియన్ కమిషన్‌లో అంతర్గత మార్కెట్ చూసే డచ్చి కమిషనర్ ఫ్రిట్స్ బోల్కెస్టైన్ ఒక ముసాయిదా పెట్టాడు. కాసీ ద డిజోన్ సూత్రాన్ని సేవలకీ వర్తింపజేద్దామని. ఒక దేశంలో చట్టబద్ధంగా సేవ చేసే కంపెనీ తన సొంత దేశం రూళ్ల కిందే ఇంకో దేశానికొచ్చి పని చేసుకోవచ్చు. కాగితం మీద భలే ఉంది. కానీ టైమింగ్ చూడండి. అదే ఏడాది మే 1న పోలండ్, లాత్వియా, హంగరీ లాంటి 10 దేశాలు యూనియన్‌లోకొచ్చాయి. అక్కడి జీతాలు ఫ్రాన్స్ జీతాల్లో చిన్న ముక్క. ఫ్రాన్స్‌లో 'పోలిష్ ప్లంబర్' అనే బూచి పుట్టింది. తక్కువ కూలీకి వచ్చి మన ప్లంబర్ నోట్లో మట్టి కొడతాడని. బోల్కెస్టైన్ ఊరుకోకుండా, ఉత్తర ఫ్రాన్స్‌లో తనకున్న ఇంటికి ప్లంబర్ దొరకడం లేదు, పోలిష్ ప్లంబర్లొస్తే బాగుణ్ణు అన్నాడు. అక్కడి విద్యుత్ కార్మికులు ఆ ఇంటికి కరెంటు పీకేశారు. 2005 మే 29న ఫ్రెంచి జనం యూరప్ రాజ్యాంగ ఒప్పందాన్ని దాదాపు 55 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. ఆ ఓటుకి చాలా కారణాలున్నాయి, ప్లంబర్ అందులో ఒకడు. పోలండ్ టూరిజం వాళ్లు మాత్రం ఈ గొడవని బాగా వాడుకున్నారు: అందగాడైన ఒక ప్లంబర్ ఫొటో వేసి, నేనిక్కడే ఉంటాను, మీరే మా దేశానికి రండి అని ఫ్రెంచివాళ్లకి ప్రకటనిచ్చారు.

చివరికి 2006 డిసెంబరులో సేవల ఆదేశం వచ్చింది గానీ, 'సొంత దేశం రూలు' అన్న గుండెకాయని తీసేసిన తర్వాతే వచ్చింది.

మన ఎకనామిక్స్ ఎలెక్టివ్ పుస్తకాల్లో ఈ కథని సంకుచితత్వం గెలిచి సంస్కరణ ఓడిన కథగా చెబుతారు. నేను దాంతో ఒప్పుకోను. అప్పట్లో వీధుల్లోకొచ్చినవాళ్ల భయం ఉత్తిది కాదని స్వీడన్‌లో రుజువైంది. స్టాక్‌హోమ్ దగ్గర వాక్స్‌హోమ్ అనే ఊళ్లో ఒక స్కూలు భవనం పని లావల్ అనే లాత్వియా కంపెనీకి దక్కింది. తన మనుషుల్ని లాత్వియా నుంచి తెచ్చుకుంది. స్వీడన్ యూనియన్లు మా దగ్గరి కూలీ ఒప్పందం మీద సంతకం పెట్టమన్నాయి, కంపెనీ పెట్టనంది. యూనియన్లు 2004లో ఆ సైటుని దిగ్బంధం చేశాయి. కేసు యూరప్ కోర్టు దాకా వెళ్లింది. 2007 డిసెంబరులో కోర్టు ఆ దిగ్బంధం సేవల స్వేచ్ఛకి విరుద్ధమని తేల్చింది. అంటే కార్మికుడి సమ్మె హక్కు కన్నా కంపెనీ సరిహద్దు దాటే హక్కు ఒక మెట్టు పైనుందని అక్కడి కూలీలకి అర్థమైంది. అలా అర్థమైన మనిషి తలుపు మూసెయ్యమనక ఏమంటాడు? సైటులో నాలుగు రోజులు నిలబడి చూసినా తెలుస్తుంది, మేస్త్రీలు కొత్త మనుషులొచ్చారని గొడవ చెయ్యరు, రేటు తెగ్గొట్టే మనుషులొచ్చారని చేస్తారు.

కానీ కథ 2007లో ఆగలేదు. 2018లో యూనియన్ తన పాత కూలీల తరలింపు ఆదేశాన్ని మార్చింది. వేరే దేశం నుంచి కంపెనీ పంపించిన కార్మికుడికి, తను పని చేస్తున్న చోటి కార్మికుడికిచ్చే వేతనమే ఇవ్వాలి. ఉత్త కనీస వేతనం పడేసి ఊరుకుంటే కుదరదు, అక్కడి నియమాల్లో ఉన్న అలవెన్సులూ బోనసులూ కూడా కలవాలి. 2020 జులై 30 నుంచి అమల్లోకొచ్చింది. పోలండ్, హంగరీ దీన్ని కోర్టులో సవాలు చేసి అదే ఏడాది డిసెంబరులో ఓడిపోయాయి. ఆ దేశాలు ఎందుకు వెళ్లాయో ఊహించడం కష్టం కాదు, తక్కువ కూలీయే వాళ్ల పోటీ బలం. నాకైతే ఈ మార్పు సబబనిపించింది. పోటీ పడాలంటే పనితనంలో పడాలి, పక్కవాడి ఆకలితో కాదు.

ఇప్పుడిక అసలు ప్రశ్న. కూలీ సంగతి చట్టంలో తేలిపోయింది కదా. పోలిష్ ప్లంబర్ పారిస్‌కొస్తే పారిస్ రేటే ఇవ్వాలి. మరి ఇంకా మిగిలున్న అడ్డంకులు ఎవర్ని కాపాడుతున్నట్టు?

మన వృత్తి నుంచే మొదలెడతాను. జర్మనీలో ఆర్కిటెక్టులకీ ఇంజనీర్లకీ ఫీజుల చట్టం ఒకటుంది, హోవై అంటారు. ప్రాజెక్టు ఖర్చుని బట్టి ప్లానింగ్ ఫీజు ఇంతకన్నా తగ్గకూడదు, ఇంతకన్నా పెరగకూడదు అని చట్టమే కట్టేసేది. కనీస ఫీజు లేకపోతే నాణ్యత పడిపోతుందని జర్మనీ వాదన. వినడానికి బాగుంది, నిజం చెప్పాలంటే రేపు నేనూ ఫీజు తీసుకునేవాణ్ణే కాబట్టి ఇంకా బాగుంది. 2019 జులై 4న యూరప్ కోర్టు దీన్ని కొట్టేసింది. కొట్టేసిన కారణమే అసలు తమాషా. నాణ్యత గురించి అంత బెంగ ఉంటే, ఆ ప్లానింగ్ సేవలు చెయ్యడానికి తగిన అర్హత ఉండాలని నీ చట్టం ఎందుకు అడగడం లేదు అని కోర్టు అడిగింది. అర్హతకి కాపలా లేదు, రేటుకి మాత్రం కాపలా. 2021 నుంచి ఆ ఫీజులు సలహా పట్టికగా మిగిలాయి. కొత్తగా ఇంకో దేశం నుంచొచ్చే చిన్న సంస్థకి పేరుండదు, పరిచయాలుండవు, మొదటి పని దొరకాలంటే ఉన్న ఆయుధం రేటు ఒక్కటే. దాన్ని చట్టమే లాగేసుకుంటే లాభం ఎవరికి? అప్పటికే అక్కడ ఆఫీసు పెట్టుకుని కూర్చున్నవాళ్లకి.

పనివాళ్ల సంగతీ అంతే. జర్మనీలో కొన్ని వృత్తుల్లో సొంత దుకాణం పెట్టాలంటే 'మైస్టర్' పరీక్ష ప్యాసవ్వాలి. 2004లో 53 వృత్తులకి ఆ షరతు తీసేశారు. 2020లో వాటిలో 12 వృత్తులకి మళ్లీ తెచ్చిపెట్టారు. టైల్స్ వేసేవాళ్లు, చెక్క ఫ్లోరింగ్ వేసేవాళ్లు, చర్చిల్లో ఆర్గన్ వాయిద్యాలు తయారుచేసేవాళ్లు ఆ 12లో ఉన్నారు. దీని వెనక శిక్షణ అనే మంచి కారణం కూడా ఉంది, దాన్ని తీసిపారెయ్యను. మైస్టర్ ఉన్న చోటే అప్రెంటిస్‌లు తయారవుతారు, మన ఐటీఐల గతి చూసినవాళ్లకి ఆ పద్ధతి విలువ తెలుస్తుంది. కానీ బాత్రూమ్ టైలు సరిగ్గా అతకలేదని ఎవరి ప్రాణం పోతుంది? ప్రాణం మీదకొచ్చే పనికీ, పైకి లేచిన టైలుకీ ఒకే తాళం వేస్తే దాన్ని భద్రత అనలేం.

ఇటలీ బీచుల సంగతి ఇంకా చిత్రం. గొడుగులూ కుర్చీలూ అద్దెకిచ్చే సముద్రతీరపు స్థలాల లైసెన్సులు తరాలుగా అవే కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. పరిమితంగా ఉండే అనుమతుల్ని బహిరంగ పోటీలో ఇవ్వాలని 2006 ఆదేశం చెప్పింది. 2016లో కోర్టు కూడా ఆటోమేటిక్ పొడిగింపులు చెల్లవంది. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, పొడిగింపులు మాత్రం మారలేదు. 2024లో చేసిన తాజా పొడిగింపు 2027 సెప్టెంబరు దాకా. మన దగ్గర పాత కాంట్రాక్టర్లకి 'ఇంకో ఆర్నెల్లు' అని పొడిగించుకుంటూ పోయే అలవాటు మనదొక్కరిదే అనుకునేవాళ్లు కాస్త ఊరట పొందొచ్చు.

వీటన్నిటికీ విరుగుడుగా కమిషన్ 2017 జనవరిలో సేవల ఈ-కార్డు అనే ప్రతిపాదన తెచ్చింది. నిర్మాణ సంస్థలూ ఇంజనీరింగ్, ఐటీ లాంటి వ్యాపార సేవల వాళ్లూ తమ దేశంలోనే, తమ భాషలోనే ఒక దరఖాస్తు పెడితే చాలు, మిగతా కాగితాలు అధికారులే ఒకరికొకరు పంపుకుంటారు. అంతకన్నా పెద్ద విప్లవమేం కాదది. 2018లో పార్లమెంటు కమిటీ దశలోనే దాన్ని తిప్పికొట్టారు. అడ్డుపడినవాళ్లలో నిర్మాణ రంగ యూనియన్లూ ఉన్నాయి, వృత్తి చాంబర్లూ ఉన్నాయి. యూనియన్ల అనుమానం నాకర్థమవుతుంది, లావల్ దెబ్బ తిన్నవాళ్లు వాళ్లు. చాంబర్ల అనుమానమే అర్థం కాదు, లేదా బాగానే అర్థమవుతుంది.

సేవలు సరిహద్దు దాటలేవు, అది వాటి స్వభావం అని ఎవరైనా అంటే విమానం చూపించండి. 1990ల ముందు యూరప్‌లో ఏ దేశం ఆకాశం ఆ దేశానిది. 1993 నుంచి తలుపులు తెరిచి, 1997 ఏప్రిల్ నుంచి ఒక దేశపు ఎయిర్‌లైన్ ఇంకో దేశంలోని రెండు ఊళ్ల మధ్య కూడా నడుపుకోవచ్చన్నారు. ఇవాళ ఇటలీలో ఎక్కువమంది ప్రయాణికుల్ని మోస్తున్నది ఐర్లండ్ కంపెనీ ర్యాన్‌ఎయిర్. హంగరీలో పుట్టిన విజ్ ఎయిర్ ఖండమంతా తిరుగుతోంది. ఒక సభ్యదేశం ఇచ్చిన పైలట్ లైసెన్సు మిగతా దేశాలన్నిట్లోనూ చెల్లుతుంది. 180 మంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని 11 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే మనిషి కాగితాన్ని నమ్మినవాళ్లు, కల్వర్టు గీసే మనిషి కాగితాన్ని ఎందుకు నమ్మరు?

ఎందుకంటే పైలట్ విషయంలో నమ్మకాన్ని ఊరికే అడగలేదు, కట్టారు. 2002లో విమాన భద్రతకి ఒక ఉమ్మడి సంస్థ పెట్టి, శిక్షణ గంటలు, పరీక్షలు, వైద్య పరీక్ష అన్నిటికీ ఒకే కొలత తెచ్చారు. డాక్టర్ల సంగతీ అదే. 2005 వృత్తి అర్హతల ఆదేశంలో ఏడు వృత్తులకి దాదాపు ఆటోమేటిక్ గుర్తింపు ఉంది: డాక్టరు, నర్సు, డెంటిస్టు, మంత్రసాని, ఫార్మసిస్టు, పశువైద్యుడు, ఆర్కిటెక్టు. డాక్టర్ చదువంటే కనీసం 5 ఏళ్లు, 5,500 గంటలు ఉండాలని ముందే ఒప్పుకున్నారు కాబట్టి డిగ్రీ చూడగానే సరే అంటారు. ఆ ఏడుగురి జాబితాని రెండోసారి చదవండి. ఆర్కిటెక్టు ఉన్నాడు, ఇంజనీరు లేడు. ఇల్లు అందంగా ఉండేలా చూసే మనిషికి దారి ఉంది, అది కూలకుండా చూసే మనిషి ఒక్కో దేశానికీ మళ్లీ ఫైలు పట్టుకెళ్లాలి. (ఆర్కిటెక్చర్ ఫ్రెండ్స్ నన్ను క్షమించాలి, కాంటీన్‌లో చూసుకుందాం.) మన వృత్తికి ఈ గతి పట్టడానికి కారణం, దేశాలు మన గురించి ఒక మాట మీదకి రాకపోవడం. కొన్ని దేశాల్లో ఇంజనీరు వృత్తికి అసలు లైసెన్సే లేదు. స్పెయిన్, ఇటలీ లాంటి చోట్ల వృత్తి సంఘంలో పేరుంటే తప్ప కొన్ని పనులు చెయ్యనివ్వరు. లెక్కకి యూరోకోడ్ రాసుకున్న ఖండం, లెక్క వేసే మనిషికి అలాంటి కోడ్ రాసుకోలేకపోయింది.

దీని ఖర్చు ఎంతో చెప్పడానికి ఈ మధ్య ఒక అంకె బాగా తిరుగుతోంది. యూరప్ దేశాల మధ్య ఉన్న అడ్డంకుల్ని సుంకంగా మారిస్తే సరుకుల మీద 44 శాతం, సేవల మీద 110 శాతం సుంకం వేసినట్టని ఐఎమ్ఎఫ్ 2024లో లెక్కగట్టింది. ఇటలీ మాజీ ప్రధాని మారియో ద్రాగీ దీన్ని పట్టుకుని, మన మీద మనమే సుంకాలు వేసుకుంటున్నామని గట్టిగా రాశాడు. నాకు ద్రాగీ వాదన నచ్చింది గానీ ఆ 110ని దేవుడి మాటలా పట్టుకోవద్దు. అది ఎవరో టోల్‌గేటు దగ్గర వసూలు చేసిన డబ్బు కాదు. దేశం లోపల జరిగే వ్యాపారంతో పోలిస్తే దేశాల మధ్య ఎంత తక్కువ జరుగుతోందో చూసి, ఆ తేడాని వెనక్కి లెక్కగట్టింది. అందులో చట్టాలతో పాటు భాష తేడా, అలవాట్ల తేడా కూడా కలిసిపోతాయి. ఫిన్లండ్ మనిషి గ్రీకు లాయర్ని పెట్టుకోకపోవడానికి చట్టమే కారణమవ్వాలనేం లేదు. అందుకే సగమో పావో తీసేసి చూడండి. అప్పటికీ చిన్న అంకేం కాదు.

2024 సెప్టెంబరులో వచ్చిన ద్రాగీ నివేదికలోనే ఇంకో లెక్క ఉంది: యూరోపియన్ యూనియన్, అమెరికా జీడీపీల మధ్య తేడా 2002లో 15 శాతం చిల్లర, 2023 నాటికి 30 శాతం. ఆ తేడా మొత్తం సేవల వల్లే అనను, పెద్ద టెక్నాలజీ కంపెనీలు అక్కడ పుట్టకపోవడం దానికి ముఖ్య కారణమని నివేదికే అంటుంది. కానీ ఆ కంపెనీలు ఎందుకు పుట్టలేదో అడగాలి కదా. అమెరికాలో ఒక చిన్న కంపెనీ మొదటి రోజు నుంచే 33 కోట్ల జనానికి ఒకే షరతుల మీద అమ్ముకోగలదు. యూరప్‌లో 45 కోట్ల జనం ఉన్నారు, కానీ 27 కంపెనీ చట్టాలు, 27 పన్ను ఆఫీసులు, బోలెడన్ని చాంబర్లు. ఇంకో సంగతి కూడా మర్చిపోకూడదు. సేవలు వేరు, ఫ్యాక్టరీ వేరు అనుకుంటాం. ఒక జర్మన్ కారు ధరలో డిజైనూ టెస్టింగూ సాఫ్ట్‌వేరూ రవాణా ఇన్సూరెన్సూ లాయరు ఫీజూ అన్నీ ఉంటాయి. అవి ఖరీదైతే కారూ ఖరీదవుతుంది, అప్పుడు చైనా కారు మీద సుంకం వేసినంత మాత్రాన పోటీలో గెలవలేరు.

ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు యూరప్‌ని చూసి చెప్పలేదు గానీ, సరిగ్గా సరిపోయింది. రచ్చ దగ్గరే మనమొస్తాం. భారత్, యూరోపియన్ యూనియన్‌ల మధ్య వాణిజ్య చర్చలు 2007లో మొదలై 2013లో ఆగిపోయి 2022లో మళ్లీ మొదలయ్యాయి. కార్లూ వైన్ల గురించి పేపర్లలో వచ్చినంతగా రాలేదు గానీ, మన వైపు నుంచి పెద్ద కోరికలు సేవల గురించే. 1995 నాటి సేవల ఒప్పందం భాషలో సేవ నాలుగు దారుల్లో సరిహద్దు దాటుతుంది, వాటిలో మనకి రెండు ముఖ్యం. ఒకటో దారి: మనిషి కదలడు, హైదరాబాద్ నుంచి వైర్ మీద సేవ వెళ్తుంది. దీనికి అడ్డం డేటా చట్టం. 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ కింద కొన్ని దేశాలకి 'ఇక్కడికి డేటా పంపడం క్షేమమే' అనే గుర్తింపు ఇస్తారు. మనకి ఆ గుర్తింపు ఇవ్వలేదు కాబట్టి ఒక్కో కాంట్రాక్టులో ప్రత్యేక షరతులు రాసుకుంటూ పోవాలి. నాలుగో దారి: మనిషే వెళ్తాడు. ఇక్కడ వీసా ఒక్కటే గేటు అనుకుంటారు మనవాళ్లు. వీసా మొదటి గేటు. బ్లూ కార్డు వచ్చాక కూడా చేసే వృత్తికి లైసెన్సు కావాలంటే రెండో గేటు ఆ దేశానిదో ఆ రాష్ట్రానిదో ఉంటుంది. ఒప్పందం ఎంత ఉదారంగా రాసుకున్నా, పక్కనున్న పోర్చుగల్ ఇంజనీరుకే తెరవని ఆ రెండో గేటు, పటాన్‌చెరు ఇంజనీరుకి తెరుస్తారని నేననుకోను.

సీఎస్ఈ వాళ్లు ఇక్కడ ముసిముసిగా నవ్వుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కి చాంబర్ లేదు, ముద్ర లేదు. జర్మనీ ఐటీ నిపుణుల్ని డిగ్రీ లేకపోయినా అనుభవం చూసి రానిస్తోంది. ఒకే కాలేజీ, ఒకే ఫీజు, నాలుగేళ్ల తర్వాత ఒకరికి తలుపు తెరిచుంది, ఇంకొకరికి కాదు. తేడా తెలివిలో లేదు, అక్కడ ఆ వృత్తి చుట్టూ ఎవరూ ముందే కంచె కట్టకపోవడంలో ఉంది.

మన వైపు లోటు కూడా ఒకటుంది, అది చెప్పకుండా యూరప్‌ని మాత్రమే తిట్టడం బాగోదు. మన దేశంలో డాక్టరుకి, లాయరుకి, 1972 చట్టం ప్రకారం ఆర్కిటెక్టుకి జాతీయ స్థాయిలో నమోదు ఉంది. ఇంజనీరుకి అలాంటి కేంద్ర చట్టం లేదు, మునిసిపాలిటీ లైసెన్సులతో నడిపిస్తున్నాం. రేపు జర్మనీ చాంబర్ వచ్చి మీ ఇంజనీర్లని గుర్తిస్తాం, మీ జాబితా ఇవ్వండి అంటే ఇవ్వడానికి మన దగ్గర జాబితా లేదు.

ఉన్నదల్లా వాషింగ్టన్ అకార్డ్. ఇంజనీరింగ్ డిగ్రీల్ని దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందం, 2014 జూన్‌లో మన దేశం పూర్తి సభ్యురాలైంది. అందులోనూ రెండు మెలికలు. ఎన్‌బీఏ టైర్-1 గుర్తింపున్న కోర్సులకే అది వర్తిస్తుంది, కాలేజీ మొత్తానికి కాదు, బ్రాంచిని బట్టి. రెండోది, ఐర్లండ్ ఇందులో సభ్యురాలు, మనవాళ్లు ఎగబడి వెళ్లే జర్మనీ కాదు. జర్మనీకి వెళ్లేవాళ్లు 'అనాబిన్' అనే వాళ్ల డేటాబేస్‌లో మన యూనివర్సిటీ పేరెలా ఉందో చూసుకోవాలి. ఉద్యోగిగా చేరడానికి చాలాచోట్ల అది చాలు. కార్డు మీద 'ఇంజెనియర్' అని వేసుకోవాలన్నా, ప్లాను మీద సొంతంగా సంతకం పెట్టాలన్నా మాత్రం మళ్లీ ఆ రాష్ట్రపు గేటు దగ్గరికే. మన దగ్గర ఏ బ్రాంచికి టైర్-1 ఉంది, అది ఏ సంవత్సరం దాకా ఉంది అన్నది డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగితే చెబుతారు. సివిల్‌ది నేను కనుక్కుంటాను. మెకానికల్, ఈసీఈ, ఈఈఈ వాళ్లు మీ మీ ఆఫీసుల్లో అడిగి క్లబ్బు మెయిల్‌కి పంపండి, పట్టిక చేసి వచ్చే సంచికలో వేద్దాం.